పట్టాల నడిమి నడక

దీపస్తంభం బోల్టు మూడోసారి కూడా పట్టుకోలేదు.

"ఎంత తిప్పినా తిరుగుతనే ఉన్నది మేడం. ఈడ కాంక్రీటు లేదు, ఉత్త సున్నమే," అన్నాడు ఎలక్ట్రీషియన్ ఖాజా, పానా కింద పడేసి.

ఇందుమతి మోకాళ్ళ మీద కూర్చుని ఆ రంధ్రంలోకి వేలు పెట్టింది. రెండో కణుపు దాకా దిగిపోయింది. బయటికి తీస్తే వేలికంతా తెల్లటి మెత్తని పొడి. పదకొండు గంటల ఎండలో దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసింది. నేలకు ముప్పై అడుగుల ఎత్తున, కొత్తగా పరిచిన పచ్చిక అంచున కూర్చుని ఉందామె. మర్నాడు పది గంటలకు మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరిస్తే, ఇదే అంచున వేలమంది వరసగా నిలబడి ఊరు చూస్తారు. చూడకుండా ఎవరుంటారు? అంత ఎత్తుకు ఎక్కేదే చూడటానికి కదా!

గాజులబండ నుంచి మిట్టచెరువు దాకా హైదరాబాదు నెత్తి మీదుగా సాగే ఆ నాలుగు కిలోమీటర్ల వంతెనను జనం పై లైను అంటారు. ఒకప్పుడు దాని మీద లోకల్ రైళ్ళు తిరిగేవి. కాంక్రీటు బీటలు వారిందని పద్నాలుగేళ్ళ కిందట ఆపేశారు. ఆపడం తేలికే, కూల్చడమే చేతకాలేదు. కింద స్తంభాల మధ్య ఆరువందల ఇళ్ళున్నాయి మరి. దాని పేరు పిల్లర్ల బస్తీ. ఇప్పుడామె కూర్చున్న చోటికి సరిగ్గా కింద, నలభై ఒకటో పిల్లరును ఆనుకుని ఉన్న రెండు గదుల ఇంట్లోనే ఇందుమతి పుట్టి పెరిగింది. ఆమె తండ్రి బాలనర్సయ్య ఆ లైను మీద కీమ్యాన్. రోజూ పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని పట్టాల మధ్య నడుస్తూ, వదులైన బిగింపులను కొట్టి సరిచేయడం అతని ఉద్యోగం. ముప్పై నాలుగేళ్ళు చేశాడు, ఒక్క మచ్చ లేకుండా.

ఐదేళ్ళ కిందట ప్రభుత్వం రెండు ముక్కల్లో తేల్చి చెప్పింది. లైను గట్టిపడి నిలబడితే పైన పార్కు, కింద బస్తీ. నిలబడదంటే అంతా కూల్చి, బస్తీ ఖాళీ చేయించడం. ఆ మాట విన్నరోజే ఇందుమతి తన ప్రయోగశాలలోని వేరును తీసుకుని పరుగెత్తుకొచ్చింది.

ఆ వేరుకు బస్తీవాళ్ళు పెట్టిన పేరు ఎముక వేరు. ప్రయోగశాల పెట్టిన పేరు ఎవరికీ నోరు తిరగదు గనుక అదే స్థిరపడింది. కాంక్రీటు బీటల్లోకి పాకి, పైన చల్లే సున్నపు నీళ్ళు తాగి, లోపల రాయిలా గడ్డకడుతుంది. మూటలు మోసే హమాలీ కాలి ఎముక మందమైనట్టు, ఎక్కడ అడుగు పడితే అక్కడ గట్టిపడుతుంది. అందుకు బరువు కన్నా దరువు ముఖ్యం. రోజూ, తెల్లారిన దగ్గర్నుంచి పొద్దుగూకేదాకా, విడవకుండా ఎవరైనా నడవాలి. బాలనర్సయ్య తనతో పట్టాల మరమ్మతు పనిచేసిన గ్యాంగ్‌మన్లను పోగుచేశాడు. రిటైరై ఇంట్లో కూర్చుని కోడళ్ళతో మాటలు పడుతున్న అరవైమంది ముసలివాళ్ళు దొరికారు. పన్నెండేసి మంది చొప్పున మూడేళ్ళు నడిచారు. వానకు ఆగలేదు, వడగాడ్పుకు ఆగలేదు.

గట్టిపడిందా అంటే, గట్టిపడింది. పోయిన నెల ఇదే ఖాజా నడిమధ్యలో రంధ్రం వేయబోతే డ్రిల్లు ముల్లు పుటుక్కున విరిగింది. ఆ రోజు అందరూ మిఠాయి తిన్నారు.

"ఖాజా భాయ్, ఇక్కడొకటి వెయ్యి," అని ఇందుమతి పది అడుగులు జరిగి, అంచున చూపించింది. ముల్లు వెన్నలోకి దిగినట్టు దిగింది. ఇంకో వంద అడుగుల తర్వాత కూడా అంతే. అవతలి అంచుకు వెళ్ళారు. అక్కడా అంతే. పది చోట్ల చూస్తే ఎనిమిది చోట్ల పొడే వచ్చింది.

చేతిలోని ట్యాబ్‌లో మాత్రం కొలతలన్నీ, భయం లేదన్నట్టు, పచ్చగా మెరుస్తున్నాయి. ఆ కొలత యంత్రాలను అమర్చింది ఆమే. ఎక్కడ అమర్చింది? జనం నడిచేచోట. జనం ఎక్కడ నడిచారు?

అప్పుడే మధ్యాహ్నపు జట్టు వచ్చింది. పన్నెండుమంది, నెత్తిన తువ్వాళ్ళు, ముందు లింబాద్రి. ఇందుమతికి చిన్నప్పటి నుంచి బాబాయ్. ఆమె పక్కకు జరిగి, మొదటిసారి వాళ్ళ మొహాలను వదిలి కాళ్ళను చూసింది.

పట్టాలు ఊడదీసి రెండేళ్ళయింది. పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపరు దిమ్మలు తీసి మట్టిపోసి గడ్డి పరిచారు. అయినా ఆ పన్నెండుమంది ఒకరి వెనక ఒకరుగా, లేని రెండు పట్టాల సరిగ్గా మధ్యలో నడుస్తున్నారు. మామూలు అంగ కాదది. పొట్టి అంగ. స్లీపరుకూ స్లీపరుకూ మధ్య ఎంత దూరముండేదో అంతే. ఒక్క పాదం కూడా పట్టా ఉండాల్సిన గీత దాటలేదు.

"బాబాయ్!" అని పిలిచింది.  "పార్కుకొచ్చినోళ్ళ లెక్క ఇష్టమొచ్చినట్టు తిరుగుండ్రి అని చెప్పిన గదా?"

"గట్లనే తిరుగుతున్నం గద బిడ్డా," అన్నాడు లింబాద్రి ఆశ్చర్యంగా. "మొత్తం తిరుగుతున్నం. ఈ కొసకెళ్ళి ఆ కొసకు."

అబద్ధమాడే మనిషి కాదతను. ముప్పై, నలభై ఏళ్ళు ఆ ఎత్తున పట్టాల మధ్య తప్ప కాలు పెడితే ప్రాణం పోతుందని నేర్చుకున్న మనిషికి, లైను అంటే ఆ మధ్యనున్న ఐదడుగులే. మిగతాది అతని కంటికి ఆనదు. అతన్ని అని లాభమేముంది? ఇందుమతి వెనక్కి తిరిగి తడి మట్టిలో తన చెప్పుల గుర్తులు చూసుకుంది. మెట్ల దగ్గర నుంచి ఇక్కడిదాకా ఆమె కూడా నడిమధ్యలోనే వచ్చింది. పొట్టి అంగలతో.

మూడేళ్ళుగా రోజూ వచ్చి చూస్తున్నది ఆమె. పెద్ద చదువులు చదివింది ఆమె. గ్యాంగ్‌మన్ల మధ్య పెరిగిన పిల్ల గనుక గ్యాంగ్‌మన్ల నడక ఆమెకు తప్పుగా తోచలేదు. వేరొక ఊరివాడు, రైలు తెలియనివాడు ఎవడైనా మొదటిరోజే అడిగి ఉండేవాడు, వీళ్ళిలా నడుస్తారేమిటని.

అక్కడితో అయిపోలేదు. అంచుల్లో వేరు బలపడకపోతే పాత కాంక్రీటైనా ఉండాలి కదా, పొడి ఎందుకయింది? ఆ పొడిని అరచేతిలో పోసుకుని చూస్తుంటే విషయం మెల్లగా తలకెక్కింది. మధ్యలో గడ్డకట్టడానికి చల్లిన సున్నపు నీళ్ళు చాలలేదు. ఎముక వేరు దరువు లేని చోటునుంచి సున్నం లాక్కుని, దరువున్న చోట పోసుకుంది. మూడేళ్ళుగా అంచులను తిని మధ్యను మేపింది. ప్రయోగశాలలోని చిన్న దిమ్మల మీద ఇది కనిపించలేదు, ఎందుకంటే ఆ దిమ్మలకు వాడని అంచంటూ లేదు.

ఆమె అక్కడే లెక్క వేసింది. పిట్టగోడ పక్కన ఒక మనిషి నిలబడొచ్చు. ముగ్గురు నిలబడొచ్చు. ఒకేచోట పదిమంది వంగి చూస్తే, ఆ అంచు పదిమందితో సహా కిందనున్న ఇంటి రేకుల మీద పడుతుంది.

*

రెండు గంటలకు ఇంటికి వెళ్ళింది. ఇంటి ముందు సత్తెమ్మ బజ్జీల బండి దగ్గర సందడిగా ఉంది. సత్తెమ్మ ముప్పై ఏళ్ళుగా ఆ పిల్లరు కిందే మిర్చి బజ్జీలు వేస్తోంది.

"ఇందూ, రేపటికి రెండు బస్తాల మిరపకాయలు తెచ్చిన," అంది నవ్వుతూ. "పైకొచ్చిన జనమంత కిందికి దిగక తప్పుతదా? దిగినోళ్ళకు ఆకలి గాక తప్పుతదా?"

ఇందుమతి ఏదో అని లోపలికి వెళ్ళింది. బాలనర్సయ్య మర్నాటికోసం తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, కొత్త పెళ్ళికొడుకులా కాలరు దగ్గర తంటాలు పడుతున్నాడు. అరవైమందికీ రేపు వేదిక పక్కన కుర్చీలు వేశారు, సన్మానం చేస్తామన్నారు. ఆ మనిషికి ఈ మాట చెప్పాలి. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవకుండా చెప్పింది, మొదటి నుంచి చివరిదాకా.

బాలనర్సయ్య ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టి విన్నాడు.

"అంటే నా నడక తప్పంటవ్."

"తప్పు నాది నాయినా. చూసుకోవాల్సింది నేను."

"ముప్పై నాలుగేండ్లు ఒక్క మాట పడలే. గిప్పుడు పడ్డ," అన్నాడు. తర్వాత అతని గొంతు మారింది. డ్యూటీలో ఉన్నప్పటి గొంతది. "లైన్ల పగులు కండ్లబడితే కీమ్యాన్ ఏం జేస్తడు? ముందు ఎర్రజెండా పట్టి బండి ఆపుతడు. ఎందుకు, ఏంది, ఎవని తప్పు, అయన్ని తర్వాత. పో, ఆపిచ్చు."

"ఆపితే ఏమైతదో తెల్సా? లైను పనికిరాదంటరు. కూలగొడ్తరు. ఈ ఇల్లు, సత్తెమ్మ పిన్ని ఇల్లు, అందరియి పోతయి. ఆరునూర్ల ఇండ్లు నాయినా."

బయట సత్తెమ్మ ఎవరినో మేలమాడి నవ్వుతోంది. బాలనర్సయ్య తలుపు దాకా వెళ్ళి, సందులోకి చూశాడు. వరసగా రేకుల ఇళ్ళు, తీగల మీద బట్టలు, రేపటి కోసం గుమ్మాలకు కట్టిన మామిడాకులు. 

"అంచుకు జనం రాకుంటే నిలుస్తదా?" అని అడిగాడు ఇటు తిరగకుండా.

"నిలుస్తది. నడిమిల రాయి లెక్కున్నది. అంచులు కోసేస్తే మిగిలింది మనుమల కాలం దాకా నిలుస్తది. గని దానికి ఆర్నెల్లు గావాలె, రేపే జనం."

"నీ ఇష్టం బిడ్డా," అన్నాడు బాలనర్సయ్య.

ఇందుమతి తెల్లబోయింది. ఆమె పెళ్ళి వద్దన్నప్పుడు, ఊరు విడిచి చదువుకు పోతానన్నప్పుడు కూడా ఆ మనిషి ఆ మాట అనలేదు. ప్రతిదానికీ ఇలా చెయ్, అలా చేయకు అని తేల్చి చెప్పేవాడు.

*

నాలుగు గంటలకు ఇందుమతి, హైమవతి ఆఫీసుకు వెళ్ళింది. పార్కు పనులన్నిటికీ పై అధికారి హైమవతి. రాజమండ్రి మనిషి, మాట గట్టి, మనసు మంచిది, వారం రోజులుగా నిద్ర లేదు. ఆమె బల్ల మీద మర్నాటి కార్యక్రమం నిమిషాల వారీగా పరిచి ఉంది.

"అంచులు బాగా లేవంటున్నారు. ఎంత బాగా లేవు?" అని అడిగింది సూటిగా.

ఇందుమతి నోరు తెరిచింది. పొడైపోయాయి అనాలి. అదే మాట నాలుక మీద ఉంది.

"చూడండి ఇందుమతిగారూ," అంది హైమవతి, ఆమె తటపటాయింపు చూసి. "ప్రమాదం ఉందని మీరు రాసివ్వండి, ఈ క్షణంలో ఆపేస్తాను. మంత్రిగారితో మాటలు నేను పడతాను. కానీ ఆ కాగితం పైకి వెళ్తే దాని వెనకే కూల్చివేత ఫైలు కూడా వెళ్తుంది. అది ఆపడం నా చేతుల్లో ఉండదు. మీది ఆ బస్తీయే కదా?"

బల్ల మీద తెల్ల కాగితం, దాని మీద పెన్ను. ఇందుమతి ఆ పెన్ను ముట్టుకోలేదు.

"అంత కాదు," అంది చివరికి. "కొంచెం మెత్తబడ్డాయి. ఐదడుగుల ఇవతల తాడు కట్టించండి. జనాన్ని అంచుకు పోనీయకుంటే చాలు."

"అంతేనా? హమ్మయ్య!" అని హైమవతి కుర్చీలో వెనక్కి వాలింది. "తాడే కదా, గట్టి ఏర్పాటు చేయిస్తాను. మీరు ఇంటికెళ్ళి పడుకోండి, మొహం పీక్కుపోయింది."

మెట్లు దిగుతూ ఇందుమతి తనకు తాను సర్దిచెప్పుకుంది. ఒక్క పూట. మంత్రి వచ్చి పోతాడు, ఎల్లుండి మరమ్మతు పేరు చెప్పి మూయిస్తాను, అంచులు కోయిస్తాను. ఎవరికీ ఏమీ కాదు, ఇళ్ళు ఉంటాయి. చదువుకున్నవాళ్ళు తమను తాము మోసం చేసుకునేటప్పుడు కూడా లెక్క ప్రకారమే చేసుకుంటారు.

*

మర్నాడు తొమ్మిదింటికి ఆమె పైకి వచ్చేసరికి మైకులో పాటలు మోగుతున్నాయి. రెండువేలమంది దాకా ఎక్కేశారు. వేదిక పక్కన తెల్లచొక్కాల్లో గ్యాంగ్‌మన్లు యాభై తొమ్మిదిమంది కూర్చున్నారు. బాలనర్సయ్య కుర్చీ ఖాళీగా ఉంది. రానని చెప్పేశాడు, కిందే ఉంటానన్నాడు.

తాడు కట్టి ఉంది. ఐదడుగుల ఇవతలే కట్టారు. తాడుకు అవతల, పిట్టగోడను ఆనించి, కనుచూపు మేర వరసగా సిమెంటు తొట్లు. ఒక్కొక్కటి నడుమెత్తు. నిండా ఎర్రమట్టి, మందారాలు, నందివర్ధనాలు. అప్పుడే నీళ్ళు పోశారేమో, కింద నుంచి కారుతున్నాయి.

ఇందుమతి చూపు ఆ కారే నీళ్ళ మీదే ఉంది.

"బాగుంది కదూ?" అంటూ హైమవతి వచ్చింది, పట్టుచీరలో. "ఒట్టి తాడైతే జనం దాటేస్తారు. తొట్లుంటే దాటలేరు. రెండువందల తొట్లు తెల్లారేలోగా ఎక్కించారు పాపం, ఒక్కోదానికి నలుగురు పట్టాల్సి వచ్చిందట."

నలుగురు పట్టాల్సిన తొట్టి. దానికి తడిమట్టి. నిన్న పొడైపోయాయి అన్న ఒక్క మాట చెప్పి ఉంటే, ఈ మనిషి అక్కడ పూలకుండీ కూడా పెట్టనిచ్చేది కాదు.

చేతిలో ఫోను మోగింది. బాలనర్సయ్య.

"ఇందూ, పైకెళ్ళి పొడి రాలుతున్నది. సత్తెమ్మ నూనె మూకుట్ల పడ్డది. తెల్లగున్నది. నువ్వు చెప్పిన పొడేనా?"

"నాయినా, కింద ఉన్నోళ్ళందర్నీ బయటికి పంపు. ఇండ్లల్ల ఒక్కరు ఉండొద్దు. రోడ్డు మీదికి గాదు, మైదానానికి. సామాన్లు పట్టుకోనియ్యకు."

"పంపుతున్న. నువ్వు పైన జూసుకో," అన్నాడు. ఇంకేమీ అడగలేదు.

ఆమె వేదిక ఎక్కి, పాడుతున్నవాళ్ళ చేతుల్లోంచి మైకు లాక్కుంది. హైమవతి "ఏం చేస్తున్నారు? మంత్రిగారి కారు చౌరస్తా దాకా వచ్చింది!" అంటూ వెంటపడింది. ఇందుమతి మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, "అంచులు పొడైపోయాయి మేడం. నిన్న మీకు అబద్ధం చెప్పాను," అంది. హైమవతి మొహంలో నెత్తురు చుక్క లేదు. కానీ అధికారి అధికారే. మరుక్షణం ఫోను తీసి, "కారు ఆపండి. ఎవరూ ఎక్కొద్దు, మెట్లు ఖాళీ చేయండి," అని అరవడం మొదలుపెట్టింది.

ఇక రెండువేలమంది. పరుగెత్తారంటే చాలు, తొక్కుకుని, తాడు తెంపుకుని అంచుల మీదికే పోతారు.

"లింబాద్రి బాబాయ్," అంది మైకులోనే. "లైను ఖరాబైంది. నడిమి ఒక్కటే గట్టిగున్నది. వీళ్ళందర్నీ పట్టాల నడుమ నడిపించాలె."

లింబాద్రి ఎందుకని అడగలేదు. లేచి నిలబడ్డాడు. అతని వెనక మిగతావాళ్ళు కుర్చీలు వెనక్కి నెట్టి లేచారు. పిలవకుండానే ఇరవై అడుగులకొకరు చొప్పున జనమున్నంత మేరా చీలి నిలబడ్డారు. సన్మానం కోసం వచ్చిన ముసలివాళ్ళు పోయారు, లైను మీద పనిచేసే మనుషులు వచ్చారు.

"అందరు వినుండ్రి!" లింబాద్రి గొంతుకు మైకు అక్కర్లేదు. "ఇద్దరిద్దరు! జంట ఎనక జంట! చిన్న అడుగు, చిన్న అడుగు! ముందటోని కాలు లేచినంక నీ కాలు! పక్కకు జూడొద్దు!"

"ఏమైంది?" అని ఎవరో అరిచారు. ఒక ఆడమనిషి ఏడుపు లంకించుకుంది. ఒక లావుపాటాయన తాడు కిందనుంచి దూరి దగ్గరి దారిలో మెట్లవైపు పోబోయాడు. పక్కనున్న గ్యాంగ్‌మన్ అతని చొక్కా పట్టి లోపలికి గుంజాడు. "ఓ సారూ, బండి కింద పడి సస్తవా?" అని గద్దించాడు. బండి ఎక్కడుందో ఆ సారు వెతుక్కోలేదు, వరసలో నిలబడ్డాడు.

రెండు వైపులా మెట్లవైపు రెండు వరసలు కదిలాయి. "అడుగు... అడుగు... అడుగు..." అంటూ అరవై గొంతులకు ఒకటి తక్కువ, ఒకే దరువు. ఇందుమతి వేదిక దగ్గరే నిలబడి ఆ దరువును కాళ్ళతో విన్నది. కింద వేరు గట్టిగా ఉంది. చలనం లేదు. పక్కన మాత్రం ఒక తొట్టి వాలింది. వేలెడంత. తర్వాత జానెడంత.

ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఇంకా మూడువందల మంది పైనే ఉండగా నలభై ఒకటో పిల్లరు దగ్గర అంచు విరిగింది. పెద్ద చప్పుడేమీ కాలేదు మొదట. పిట్టగోడ బయటికి ఒరిగింది, తొట్లు మందారాలతో సహా వరసగా ఒకటి తర్వాత ఒకటి కనిపించకుండా పోయాయి. ఆ తర్వాత కింద రేకులు నలిగిన చప్పుడు వచ్చింది. తెల్లటి దుమ్ము పైకి లేచింది.

జనం కెవ్వుమన్నారు. వరస చెదరబోయింది.

"నిలబడు!" అని అరిచాడు లింబాద్రి. "పక్క లైన్ల బండి పోతున్నది! పోతే పోనీ! నీ జాగ నీకున్నది! అడుగెయ్!"

అతని మాట వాళ్ళకు అర్థమైందో లేదో గానీ, అడుగు వేశారు. మూడువందల మంది ఆ తెల్లటి దుమ్ములో, విరిగిన అంచుకు ఆరడుగుల దూరంలో, చిన్న చిన్న అంగలతో నడిచి దిగారు. వాళ్ళ కాళ్ళ కింద వంతెన వణకనైనా లేదు.

*

నలభై రెండు ఇళ్ళు నలిగిపోయాయి. ఒక్క ప్రాణం పోలేదు. సత్తెమ్మ మైదానం దాకా వెళ్ళి, పొయ్యి ఆర్పలేదని గుర్తొచ్చి వెనక్కి పరుగెత్తితే, బాలనర్సయ్య ఆమె వెంట పరుగెత్తి చెయ్యి పట్టి లాక్కొచ్చాడు. ఆమెకు మోచెయ్యి గీరుకుంది. అతని కుడిపాదం మీద పెళ్ళ పడింది.

సాయంత్రం ఆసుపత్రిలో అతని కాలికి కట్టు కట్టి, ఎత్తుగా దిండు మీద పెట్టారు. ఇక చేతికర్ర లేకుండా నడవడం కుదరకపోవచ్చని డాక్టరు చెప్పి వెళ్ళాడు. ఇందుమతి మంచం పక్కన కూర్చుంది. బయట వరండాలో సత్తెమ్మ గోడకు ఆనుకుని ఉంది. ఆమె కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బాయి.

"మూడు నిమిషాల్ల ఎల్లగొట్టిండ్రు," అంది తలుపులోంచి ఇందుమతిని చూసి. "మా ఆయిన ఫోటో గూడ తెచ్చుకోలే. ఇందూ, గీ ముచ్చట నిన్న తెల్వదా నీకు?"

ఇందుమతి లేచి ఆమెకు మంచినీళ్ళ గ్లాసు అందించింది. సత్తెమ్మ మళ్ళీ అడగలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది.

ఆరు గంటలకు హైమవతి వచ్చింది. పొద్దుటి పట్టుచీరే, దుమ్ముకొట్టుకుని ఉంది. చేతిలో ఒక ఫైలు. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"టీవీల నిండా మీరే. రెండువేలమందిని కాపాడిన శాస్త్రవేత్త అంటున్నారు. విచారణ సంఘం రాత్రికల్లా మీ వాంగ్మూలం అడిగింది. ఎప్పుడు గమనించారన్నది మొదటి ప్రశ్న. ఇవాళ ఉదయం తొమ్మిదిన్నరకు అని రాయండి. మీకు మంచిది. దాచడమెందుకు, నాకూ మంచిదే. నిన్న మీరు నా ఆఫీసుకు వచ్చిన సంగతి ఇద్దరికే తెలుసు."

"అలా రాస్తే లైను ఏమవుతుంది?"

హైమవతి నిట్టూర్చింది. "ముందు ఏ సూచనా లేకుండా ఉన్నట్టుండి విరిగిందంటే, కట్టడమే నమ్మదగ్గది కాదని తేలుతుంది. కూల్చేస్తారు. మిగిలిన ఇళ్ళు కూడా తీసేస్తారు."

"ముందురోజే తెలిసినా చెప్పలేదని రాస్తే?"

"అప్పుడు తప్పు కట్టడానిది కాదు, మనుషులది అవుతుంది. ఎక్కడ బలముందో, ఎక్కడ లేదో మీకు ముందే లెక్క తెలుసు, మధ్యభాగం చెక్కుచెదరలేదని ఇవాళ ఊరంతా చూసింది కాబట్టి, అంచులు కోసి మరమ్మతు చేయమంటారు. బస్తీ ఉంటుంది." ఫైలు ఇంకో చేతిలోకి మార్చుకుంది. "మిమ్మల్ని మాత్రం వదలరు ఇందుమతిగారూ. ఉద్యోగంతో పోదు. కేసు పెడతారు. నన్ను కూడా పిలుస్తారు."

"మీకు నేను అబద్ధం చెప్పానని రాస్తాను. అది నిజమే కదా."

హైమవతి ఫైలులోంచి రెండు తెల్ల కాగితాలు తీసి మంచం పక్క బల్ల మీద పెట్టింది. కిటికీ దగ్గరకు వెళ్ళి వీపు తిప్పి నిలబడింది.

ఇందుమతి పెన్ను తీసుకుంది.  భయం వేసింది, బాగా భయం వేసింది. రాసింది. నిన్న ఉదయం పదకొండు గంటలకు, నలభై ఒకటో పిల్లరు వద్ద, దీపస్తంభపు రంధ్రంలో పొడి గమనించాను. అక్కడి నుంచి వరసగా రాసింది. డ్రిల్లు వేసిన పది చోట్లు, నడక సంగతి, లెక్క, నాలుగు గంటలకు అధికారితో చెప్పిన అబద్ధం.

"చదువు," అన్నాడు బాలనర్సయ్య. అతను నిద్రపోతున్నాడనుకుంది ఆమె.

చదివింది. అతను కళ్ళు మూసుకునే విన్నాడు.

"పదకొండుకు జూసినవ్. నాలుగింటికి ఆఫీసుకు పోయినవ్," అన్నాడు. "నడుమ రెండు గంటలకు ఎక్కడున్నవ్?"

"నాయినా, అది వద్దు."

"రాయి."

"నీకు పింఛను వస్తున్నది. ముప్పై నాలుగేండ్లు ఒక్క మాట పడలే నువ్వు. నిన్నెందుకు ఇందుల..."

"రాయి బిడ్డా." బాలనర్సయ్య మోచేతుల మీద లేచి కూర్చోబోయి, కాలి నొప్పికి మొహం చిట్లించి, ఆమె భుజం పట్టుకుని లేచాడు. "రెండు గంటలకు బాలనర్సయ్య, రిటైర్డు కీమ్యాన్, ఆయనకు చెప్పిన అని రాయి. లైన్ల పగులున్నదని తెల్సి గూడ ఆయన బండి ఆపలే అని రాయి. ఎందుకాపలే అంటే, కూతురు మొకం జూసిండు, ఇండ్లు జూసిండు. గది గూడ రాయి."

హైమవతి కిటికీ దగ్గర కదలకుండా నిలబడింది. ఇందుమతి కాగితం మీదికి వంగింది. అక్షరాలు కనిపించకపోతే కొంగుతో కళ్ళు తుడుచుకుని, తండ్రి పేరు ఒత్తులతో సహా పూర్తిగా రాసింది.

రాసిన కాగితాన్ని బాలనర్సయ్య చేతిలోకి తీసుకుని, దూరంగా పట్టుకుని, తన పేరున్న చోటు వెతుక్కున్నాడు. చూసుకున్నాక పెన్ను కోసం చెయ్యి చాపాడు.